సూపర్‌హీరో కార్టూన్ ఎపిసోడ్ మీద విమర్శ రాయాలంటే

ఇలాంటి ఎపిసోడ్ల మీద తెలుగులో ఎవరైనా రాస్తే తరచూ జరిగేది ఒకటే, కథంతా చెప్పేసి చివర్లో ఐదుకి ఇంత అని రేటింగ్ ఇచ్చేస్తారు. కథ చెప్పడం విమర్శ కాదు. ఆ ఎపిసోడ్ దేని మీద నిలబడిందో పట్టుకుని, బొమ్మ, గొంతు, సంగీతం, మాటలు అన్నీ దానికోసం పనిచేశాయా లేదా అని చూడటమే విమర్శ. ఉదాహరణకి 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్'లో 1992 సెప్టెంబర్‌లో వచ్చిన 'హార్ట్ ఆఫ్ ఐస్' తీసుకుందాం. రాసింది పాల్ డీనీ, దర్శకుడు బ్రూస్ టిమ్. ఇందులో విలన్ మిస్టర్ ఫ్రీజ్, జబ్బుపడిన భార్యని గడ్డకట్టించి బతికించాలని చూస్తుండగా ప్రయోగం ఆపించేయడంతో, ఆ ప్రమాదంలో చలిలో తప్ప బతకలేని స్థితికి వచ్చి పగ పట్టిన శాస్త్రవేత్త.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా చూడండి. అయిపోగానే ఒక్క వాక్యం రాయండి, అది కథ సారాంశం కాకూడదు. ఈ ఎపిసోడ్‌కి నేనైతే ఇలా రాస్తాను: తనలో ఏ భావమూ మిగల్లేదని చెప్పుకునే మనిషి, నిజానికి భార్య మీద ప్రేమ చావకే ఇదంతా చేస్తున్నాడు. ఈ వాక్యం కుదరకపోతే ఇంకోసారి చూడండి కానీ రాయడం మొదలుపెట్టొద్దు, ఎందుకంటే మిగతా విమర్శంతా దీన్ని ఆనుకునే ఉంటుంది.

రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. యానిమేషన్‌లో అనుకోకుండా ఫ్రేములోకి వచ్చేది ఏదీ ఉండదు, ప్రతి నీడనీ ఎవరో ఒకరు కావాలనే గీశారు. ఈ సిరీస్‌లో బ్యాక్‌గ్రౌండ్లు నల్ల కాగితం మీద వేశారు, అందుకే గోథమ్ నగరంలో చీకటే ముందు ఉండి, వెలుతురు దాని మీద అద్దినట్టు కనిపిస్తుంది. ఆ చీకట్లో ఫ్రీజ్ కళ్లకి ఎర్ర అద్దాలు పెట్టారు, కాబట్టి అతని చూపులో ఏముందో మనకి తెలియదు. 'విజువల్స్ సూపర్' అని రాసే బదులు ఇలాంటిది ఒక్కటి పట్టుకుని, అది మీరు రాసుకున్న వాక్యానికి ఎలా పనికొస్తుందో చెప్పండి.

తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఫ్రీజ్‌కి గొంతు ఇచ్చిన మైఖేల్ అన్సారా దాదాపు ఎక్కడా స్వరం పెంచడు. కోపం తెచ్చుకోవాల్సిన చోట కూడా చదునుగా, యంత్రంలోంచి వచ్చినట్టు మాట్లాడతాడు, దుఃఖం వినిపించేది సరిగ్గా అందుకే. (డబ్బింగ్‌లో చూసి ఉంటే ఆ సంగతి రాయండి, లేకపోతే ఒకరి నటనకి ఇంకొకరిని మెచ్చుకున్నట్టవుతుంది.)

ఇక స్క్రిప్టు. నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. హీరో ఎలా గెలిచాడో చూడండి, ఆ గెలుపు కథలోంచి వచ్చిందా, లేక రచయిత జేబులోంచి తీశాడా? ఇందులో బ్యాట్‌మ్యాన్‌కి జలుబు చేస్తుంది, అతని ఇంటి పనులు చూసే ఆల్‌ఫ్రెడ్ ఫ్లాస్కులో చికెన్ సూప్ పోసి ఇస్తాడు. చూసినప్పుడు అది నవ్వుకునే సీన్. చివరి పోరాటంలో బ్యాట్‌మ్యాన్ అదే ఫ్లాస్కుని ఫ్రీజ్ హెల్మెట్‌కేసి కొడితే, వేడికి గాజు పగిలిపోతుంది. ముందే చూపించిన వస్తువు తర్వాత పనికొచ్చిందని రాసి ఆగిపోతే సగమే రాసినట్టు. హీరోకి వేడి సూప్ ఇచ్చే మనిషి ఇంట్లో ఉన్నాడు, విలన్‌కి ఉన్న ఒక్క మనిషినీ లాగేసుకున్నారు. మొదట్లో మంచులో కాళ్లు గడ్డకట్టిన తన సొంత మనిషిని ఫ్రీజ్ వదిలేసి వెళ్తే, అతన్ని కాపాడేది బ్యాట్‌మ్యానే. ఈ రెండు సీన్లనీ పక్కపక్కన పెట్టి రాస్తే పాఠకుడు మళ్లీ వెళ్లి చూస్తాడు.

ఎంత నచ్చిన ఎపిసోడ్‌లోనైనా లోపం వెతకాల్సిందే. ఇందులో నాకు కనిపించేది ఫెర్రిస్ బాయిల్. ఫ్రీజ్ ప్రయోగాన్ని ఆపించిన కంపెనీ యజమాని అతను, పైకి మానవతావాదిగా పేరు, లోపల పూర్తి దుర్మార్గుడు. పైగా అతని నేరమంతా ఒకే వీడియో టేపులో బ్యాట్‌మ్యాన్‌కి దొరికేస్తుంది. బాయిల్ వైపు కూడా కాస్త న్యాయం ఉండి ఉంటే ఫ్రీజ్ పగ గురించి మనం ఇంకా కష్టపడి ఆలోచించేవాళ్లం. సుమారు 22 నిమిషాల్లో అంతా ఇమడదు, నిజమే, ఆ మాటా రాయండి. కానీ సమయం లేదన్నది కారణమే, దాంతో లోపం పోదు.

నేపథ్యం ఒక పేరా చాలు. ఈ విలన్ 1959లో కామిక్స్‌లోకి మిస్టర్ జీరో అనే పేరుతో వచ్చాడు, భార్య నోరా కథ ఈ ఎపిసోడ్‌తో చేరి, తర్వాత కామిక్స్‌లోకి కూడా వెళ్లింది. దీని రచనకి డేటైమ్ ఎమ్మీ వచ్చింది. అయితే అవార్డు వచ్చింది కాబట్టి బాగుందని మాత్రం ఎక్కడా వాదించకండి.

రాసేటప్పుడు ముందు మీ తీర్పు, వెంటనే దానికి ఆధారమైన సీన్. ముగింపు బయటపెట్టక తప్పకపోతే పైనే హెచ్చరిక పెట్టండి. అంతా అయ్యాక ఎపిసోడ్ ఇంకోసారి పెట్టుకుని, మీరు చెప్పిన సీన్ల వరుస, పేర్లు, ఎవరు ఏ మాట అన్నారో సరిచూసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే, ఒక్క తప్పు దొరికినా చదివేవాళ్లు మిగతా వాదన వినరు.