హమీద్‌ని చూడాలంటే కాళ్ల దగ్గర మొదలుపెట్టండి

మొన్న బ్రిటన్ బాక్సర్ నసీమ్ హమీద్ హైలైట్స్ వీడియో చూసి మా తమ్ముడు, "అన్నా, వీడు చేతులు వేలాడేసుకుని తిరుగుతున్నాడు, ఒక్కడికీ దొరకడేంటి?" అన్నాడు. హైలైట్స్‌తో వచ్చిన చిక్కే అది. దెబ్బ చూపిస్తారు, దాని ముందు పడ్డ అడుగులు కత్తిరించేస్తారు. వాడికి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకోండి. 37 ఫైట్లు, 36 గెలుపులు, అందులో 31 నాకౌట్లు. అతను ఆడిన ఫెదర్‌వెయిట్ విభాగంలో బరువు పరిమితి 126 పౌండ్లు, అంటే 57 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, పైన ఇంకో ఏడు కిలోలు, అంతే మనిషి. ఇంత దెబ్బ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడమే మన పని.

మొదటిది 1995 సెప్టెంబర్ 30, కార్డిఫ్. స్టీవ్ రాబిన్సన్ చేతిలో ఉన్న డబ్ల్యూబీఓ (ప్రపంచ బాక్సింగ్ సంస్థ) టైటిల్ కోసం, అతని సొంత ఊళ్లోనే ఫైట్. సౌండ్ తీసేయండి, కామెంటరీ వింటే కళ్లు గ్లవ్స్ మీదికే పోతాయి. స్పీడు సగానికి తగ్గించి, స్క్రీన్ పై సగానికి ఒక అట్ట అడ్డం పెట్టండి. నేను పాత క్యాలెండర్ అట్ట పెట్టాను, మా ఆవిడ నవ్వింది, నవ్వనీ. అప్పుడు కనబడతాయి ఆ కాళ్లు: బాగా ఎడంగా, రాబిన్సన్ చెయ్యి అందనంత దూరంలో. అక్కణ్నుంచి ఒక్క దూకుతో లోపలికి, మళ్లీ పక్కకి. ఒళ్లంతా పంచ్ వెనకే వస్తుంది, బలం అక్కడిది. షెఫీల్డ్‌లోని వింకోబ్యాంక్ జిమ్‌లో అతని కోచ్ బ్రెండన్ ఇంగిల్ నేల మీద గీతలు వేయించి, పిల్లల చేత వాటి వెంట అడుగులు వేయించేవాడు. హమీద్ ఏడేళ్ల వయసు నుంచీ అక్కడే. రాబిన్సన్ ఎనిమిదో రౌండ్‌లో ఆగిపోయాడు.

రెండోది 1997 డిసెంబర్, న్యూయార్క్, ప్రత్యర్థి కెవిన్ కెల్లీ. దీనికి అట్ట తీసేయండి. నాలుగు రౌండ్లలో ఆరుసార్లు మనుషులు కిందపడ్డారు, అందులో మూడుసార్లు పడింది హమీదే. పడిన ప్రతిసారీ పది సెకన్లు వెనక్కి వెళ్లి చూడండి, అప్పటికే కాళ్లు ఎక్కడున్నాయో. గెలిచాడు కదా అని జనం ఈ పాఠం వదిలేశారు. తర్వాత హమీద్‌ని ఓడించిన మార్కో ఆంటోనియో బరేరా మాత్రం వదిలినట్టు లేడు.

మూడోది ఆ బరేరాతో ఫైటే, 2001 ఏప్రిల్ 7, లాస్ వేగాస్. పన్నెండు రౌండ్లూ ఫార్వర్డ్ చేయకుండా చూడాలి. ఒక కాగితం మీద రెండు గళ్లు గీసుకోండి. హమీద్ దూకి దెబ్బ తగిలిస్తే ఒకదాంట్లో గీత, దూకి తినేస్తే రెండోదాంట్లో. బరేరా తొందరపడడు, హమీద్ ఎడమచేతికి దూరంగా తిరుగుతూ దూకేదాకా ఆగుతాడు. నాకు ఐదో రౌండ్‌కే రెండో గడి నిండిపోయింది. చివరి రౌండ్‌లో హమీద్ తల పట్టుకుని రింగ్ మూల ప్యాడ్‌కేసి కొట్టినందుకు బరేరాకి ఒక పాయింట్ కోశారు, అయినా ముగ్గురు జడ్జిల లెక్కలోనూ బరేరాదే గెలుపు: 115-112, 115-112, 116-111. 1998లోనే ఇంగిల్‌తో విడిపోవడం వల్లే ఇదంతా అంటారు కొందరు. నేనైతే కెల్లీ ఫైట్ దగ్గరే వేలు పెడతాను, అప్పుడు ఇంగిల్ కార్నర్‌లోనే ఉన్నాడు.

ఇక టైముంటే 2002 మే, లండన్, మాన్యుయెల్ కాల్వో. పాయింట్ల మీద గెలుపు, అదే చివరి ఫైట్, వయసు 28. నేను ఒక్కసారే చూశాను. సగంలోనే కాగితం పక్కన పడేశాను, ఎందుకంటే గీయడానికి దూకులే లేవు.