ఎండాకాలం కూరగాయలకు మడి ఎత్తుగా వద్దు, పల్లంగా వెయ్యండి

చంద్రపూర్, రాజురా, బల్లార్‌పూర్ వైపు పెరట్లో కూరగాయలు పెంచేవాళ్లు శివరాత్రి లోపే మడులు సిద్ధం చేసుకోండి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అప్పటికి మొక్క వేరు లోపలికి దిగి ఉండాలి.

వానాకాలంలో లాగా ఎత్తు మడి కట్టొద్దు. నేల మట్టానికి నాలుగు వేళ్ల లోతున పల్లంగా తవ్వండి, పోసిన నీళ్లు మొక్క దగ్గరే ఆగుతాయి. మనది నల్లరేగడి కదా, ఆరితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో సన్న వేర్లు పుటుక్కున తెగుతాయి, పోసిన నీళ్లూ అందులోంచే కిందికి పోతాయి. అందుకే బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మొక్క జానెడు పెరగగానే మొదలుకు కాస్త ఎడంగా సోయా పొట్టు మందంగా పరవండి. పచ్చి పేడ మాత్రం వద్దు, చెదలు పడతాయి.

బెండ గింజలు రాత్రంతా నానబెట్టి నాటండి. కాకర గింజ పెంకు మందం, ఒక రోజు నానాలి. గోరుచిక్కుడు ఎండకు బాగా తట్టుకుంటుంది, కొత్తవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి. పడమటి వైపు పత్తి కట్టెతో దడి కట్టి బీర తీగ పాకిస్తే సాయంత్రపు ఎండ తోటకూర మీద పడదు.