స్ట్రోక్ తర్వాత సగం చూపు పోతే: వీఆర్ హెడ్‌సెట్‌తో ఇంట్లో సాధన

స్ట్రోక్ వచ్చినవాళ్లు చాలామంది ‘కుడికన్ను కనబడటం లేదు’ అంటారు. ఒక్కో కన్నూ మూసి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: ఏ కంటితో చూసినా కుడి సగమే కనబడదు. మెదడు వెనకభాగంలో ఎడమవైపు దెబ్బతింటే రెండు కళ్లకూ కుడి సగం పోతుంది, కుడివైపు దెబ్బతింటే ఎడమ సగం. దీన్ని హెమియానోపియా అంటారు. కళ్లజోడు మార్చినా, చుక్కలు వేసినా తగ్గదు. దానంతటదే తిరిగొచ్చే చూపు ఎక్కువగా మొదటి 3 నెలల్లోనే వస్తుంది, 6 నెలలు దాటాక అరుదు.

వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్లకి తగిలించుకునే తెర, చుట్టూ ఒక బొమ్మల లోకాన్ని చూపిస్తుంది. దీంతో చేసే సాధనవల్ల పోయిన సగం తిరిగొస్తుందని ఆశపెట్టకండి. ఇక్కడ నేర్పేది ఒక్కటే: కనబడని వైపుకి కళ్లను త్వరగా, దూరంగా విసిరే అలవాటు. వీధి దాటడానికీ, జనంలో నడవడానికీ పనికొచ్చేది అదే.

మొదలుపెట్టేముందు పెరిమెట్రీ రిపోర్టు దగ్గరుండాలి. చూపు ఏ మేర కనబడుతోందో కొలిచే పరీక్ష అది. అందులో హంఫ్రీ 24-2 రకమైనా 30-2 రకమైనా సరే. తర్వాత ఒక ఏ4 కాగితం మీద 20 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, మనిషికి సరిగ్గా ఎదురుగా పెట్టి, నడిమధ్యన గుర్తు పెట్టమనండి. ఎడమ చూపు మాత్రమే పోయినవాళ్ల గుర్తు మామూలుగా కొంచెం ఎడమకి పడుతుంది. బాగా కుడికి పోయిందంటే అది నెగ్లెక్ట్ కావచ్చు: ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే మెదడుకి ఉండదు. అలాంటప్పుడు ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు, ముందు రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించాలి.

ఫిట్స్ అదుపులో లేనివాళ్లకీ, ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసి ఇంకా తిరిగి పెట్టనివాళ్లకీ హెడ్‌సెట్ పెట్టొద్దు. పేస్‌మేకర్ గానీ, తలలో ప్రోగ్రామబుల్ షంట్ (మెదడులో చేరే నీటిని బయటికి పంపే గొట్టం) గానీ ఉంటే హెడ్‌సెట్‌లో, చేత్తో పట్టుకునే కంట్రోలర్లలో ఉండే అయస్కాంతాలతో ఇబ్బంది రావచ్చు. డాక్టరు సరేనన్నాకే దగ్గరికి తేవాలి.

చక్రాలు లేని, చేతులున్న కుర్చీ వేయండి. హెడ్‌సెట్ సెట్టింగుల్లో, కూర్చుని ఆడే స్టేషనరీ బౌండరీ ఎంచుకోండి. కనుపాపల మధ్య దూరం సరిచేయండి. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు మెట్లే ఉంటాయి, దగ్గరగా ఉన్నది పెట్టండి. హెడ్‌సెట్ దాదాపు అరకిలో బరువు, అదీ ముందువైపే. వెనక పట్టీ తల వెనక ఉబ్బుకి కిందుగా కూర్చోకపోతే ముక్కు మీదకి జారి బొమ్మ మసకబారుతుంది. చెయ్యి పనిచేయకపోతే కంట్రోలర్ మంచి చేతికివ్వండి, లేదా వాళ్లు ‘కనబడింది’ అంటే మీరు నొక్కండి. హెడ్‌సెట్‌లో కనబడేది మీ ఫోన్‌లోనూ కనబడేలా కాస్ట్ చేసుకోవడం మరవొద్దు. ఎందుకో కింద చూడండి.

మొదటి వారం తల కదలకూడదు, కళ్లే కదలాలి. ఫోన్‌లో దృశ్యమంతా పక్కకి జరిగిందంటే తల కదిలిందన్నమాట. గురిని, అంటే వెతకాల్సిన బొమ్మని, చూపు మధ్య నుంచి 10 డిగ్రీల దూరంలో మొదలుపెట్టి 25 వరకూ జరపండి. అంతకు మించితే పాత రకం లెన్సుల అంచున బొమ్మ మసకగా ఉంటుంది. కళ్లు తిప్పినా లాభం లేక మనిషి తల తిప్పడం మరుగుతాడు. కళ్లను చిన్నచిన్న అడుగులుగా జరపడం ఈ రోగుల సహజ ధోరణి. ‘వస్తువుని దాటి చూడు, తర్వాత వెనక్కి రా’ అని చెప్పండి. వెలుగూ శబ్దమూ ఒకే చోటు నుంచి, ఒకే క్షణంలో వస్తే వెతుకులాట మెరుగవుతుందని 2005లో ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు చూపించారు. అందుకని గురి ఉన్న వైపు నుంచే శబ్దం వచ్చే యాప్ ఎంచుకోండి. ఇయర్‌ఫోన్లు కుడిఎడమలు తారుమారైతే సాధనంతా తలకిందులే, ప్రతిసారీ చూసుకోండి. ఒక చెవి వినబడనివాళ్లకి ఈ శబ్దం దారి చూపదు.

రెండోవారం నుంచి శబ్దం తగ్గిస్తూ, గురి చుట్టూ వేరే బొమ్మలు పెంచండి. పదింట ఏడు గురులు కనబడని వైపు, మూడు మంచివైపు, వరస తెలియకుండా రావాలి. అన్నీ ఒకేవైపు వస్తే మనిషి ముందే అటు చూస్తూ కూర్చుంటాడు, స్కోరు మాత్రం పెరుగుతుంది. బీట్ సేబర్ (పాటకి తగ్గట్టు వచ్చే దిమ్మెల్ని కత్తులతో నరికే ఆట) లాంటివి సరదాకి బాగుంటాయి గానీ మామూలుగా దిమ్మెలు ఎదురుగానే వస్తాయి, ఈ పనికి అంతగా అక్కరకు రావు.

నాలుగోవారం తల కదలికా కలపండి. రెండు కళ్లతో మామూలుగా 180 డిగ్రీలకు పైనే కనబడుతుంది, చాలా హెడ్‌సెట్లలో 90 నుంచి 110 మాత్రమే. ఆ అవతలది తల తిప్పితేనే దొరుకుతుంది. 360 డిగ్రీల వీధి వీడియో పెట్టి, కనబడనివైపు ఆటోలెన్ని, బండ్లెన్ని అని అడగండి. కళ్లు ముందు, తల తర్వాత.

తొలిరోజు 5 నిమిషాలు చాలు. తర్వాత 15 నుంచి 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, 6 వారాలు. అలసట తక్కువగా ఉండే పొద్దున పూట మేలు. తల తిరిగినా, వికారం మొదలైనా వెంటనే తీసేయండి, ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవద్దు. కూర్చున్న మనిషిని దృశ్యంలో నడిపించే ఆటలతోనే ఈ బాధ ఎక్కువ.

చదవడం హెడ్‌సెట్‌లో కాదు, కాగితం మీదే. తెలుగు ఎడమ నుంచి కుడికి సాగుతుంది కాబట్టి ఎడమ చూపు పోతే పంక్తి మొదలు దొరకదు: ఎడమ అంచున ఎర్ర స్కేలు నిలబెట్టండి. కుడి చూపు పోతే తర్వాతి మాట కనబడదు. పేపర్లోని సన్నని కాలమ్‌లతో మొదలుపెట్టండి.

స్కోరుని నమ్మకండి. వారానికోసారి బల్ల మీద గరిటె, దువ్వెన, తాళాల వంటి 12 వస్తువులు చోట్లు మార్చి పరిచి, అన్నీ చూపించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 6 వారాలకీ ఆ సమయం తగ్గకపోతే హెడ్‌సెట్ పక్కనపెట్టి దృష్టి పునరావాస విభాగానికి వెళ్లండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అలాంటిది ఉంది. సమయం తగ్గినా బండి తాళం ఇవ్వకండి: పెరిమెట్రీ మళ్లీ చేయించి, డాక్టరు ఒప్పుకుంటేనే ఆ మాట.