గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లలోకి మార్చడానికి 18 ఎక్కం చాలు

మా గుంటడు తొమ్మిదో తరగతి, చలనం లెక్కల్లో ఫార్ములా తెలుసు గానీ గంటకి 54 కిలోమీటర్ల వేగాన్ని సెకనుకి మీటర్లలోకి మార్చాలంటే 54 ని 1000 తో గుణించి 3600 తో భాగించే దగ్గరే సున్నాలు తప్పేసి కూర్చుంటాడు. నిన్న శ్రీకాకుళం నుంచి విజీనగరం బస్సులో వస్తూ వాడికి ఇది చెప్పాను. గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లు, అంతే. 36 అయితే 10, 54 అయితే 15, 72 కి 20, 90 కి 25. స్పీడులో 18 ఎన్నిసార్లుందో చూసి అన్ని అయిదులు వేసుకోవడమే.

బస్సు 54 లో వెళ్తూ బ్రేకేస్తే 5 సెకన్లలో ఆగింది అనుకోండి, 15 ని 5 తో భాగిస్తే రుణ త్వరణం, అంటే ప్రతి సెకనుకీ తగ్గే వేగం, 3, సగటు వేగం 7.5 ని 5 తో గుణిస్తే ఆగేలోపు వెళ్లిన దూరం 37.5 మీటర్లు, పెన్ను కూడా తియ్యలేదు వాడు.

40, 50 లాంటివిస్తే మాత్రం సరిగ్గా రాదు, అప్పుడు 5 తో గుణించి 18 తో భాగించాల్సిందే. ఇంకోటి, వేగం వర్గం ఉన్న సూత్రంలో ముందు మార్చి తర్వాతే వర్గం చెయ్యాలి, మావాడు 54 ని వర్గం చేసేసి అప్పుడు 18 తో భాగించాడు, జవాబేమో కిలోమీటర్ల దూరం పోయింది.