బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొనే ముందు టైటిల్ ఎలా చూసుకోవాలి?

మోడల్ ఫ్లాట్‌లో వంటగది అరలు తీసి మూసి అరగంట చూస్తాం. కింద ఉన్న నేల ఎవరిదని, అంటే దాని టైటిల్ (యాజమాన్య హక్కు) సంగతి మాత్రం అడగం. అడిగినా "పెద్ద బ్యాంకులే లోన్ ఇస్తున్నాయి కదండీ, ఇంకేం టెన్షన్?" అంటారు సేల్స్ వాళ్లు. బ్యాంకు తన అప్పు కోసం చూసుకుంటుంది. రేపు భూమి మీద కేసు పడినా ఈఎంఐ కట్టాల్సింది మీరే. ఇది హైదరాబాద్, చుట్టుపక్కల కొనేవాళ్ల కోసం. ఆంధ్రలో రికార్డుల పేర్లు, వెబ్‌సైట్లు వేరుగానీ వరుస దాదాపు ఇదే.

1. సర్వే నంబర్ రాయించుకోండి

బ్రోచర్‌లో ఎయిర్‌పోర్ట్ ఎంత దూరమో ఉంటుంది, సర్వే నంబర్ ఉండదు. గ్రామం, మండలం, సబ్ డివిజన్‌తో సహా సర్వే నంబర్ తీసుకోండి. 145 వేరు, 145/ఆ వేరు. తర్వాత తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ప్రాజెక్టు తెరిచి అవే నంబర్లు ఉన్నాయో లేదో పోల్చండి. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా నంబర్ లేకుండా అమ్మకం మొదలుపెట్టకూడదు. ఆ నంబర్ రాకముందే "ప్రీ లాంచ్ రేటు" అన్నారంటే అక్కడే లేచి వచ్చేయడం మేలు. అయితే రెరా నంబర్ ఉన్నంత మాత్రాన టైటిల్‌కు ప్రభుత్వం పూచీ పడినట్టు కాదు.

2. లింకు డాక్యుమెంట్లు చదివించండి

అసలు పని ఇదే. ఇప్పటి యజమానికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎలా వచ్చింది అని గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. కనీసం 30 ఏళ్లు చూడటం వాడుక. ఇక్కడ అనుభవమున్న లాయర్లు 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూముల రికార్డు) దాకా వెళ్తారు. అందులో సర్కారీ, ఇనాం (పాలకులు దానంగా ఇచ్చింది), వక్ఫ్ (ముస్లిం ధార్మిక ఆస్తి) అని కనిపిస్తే తర్వాత ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగినా తొందరపడొద్దు. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) కూడా చూడండి.

గొలుసు ఎక్కువగా తెగేది చావుల దగ్గర. తండ్రి పోయాక అన్నదమ్ములు మాత్రమే పంచుకుని అమ్మిన పిత్రార్జితం అయితే అక్కచెల్లెళ్ల సంతకాలు ఏవని అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు పిత్రార్జితంలో పుట్టుకతోనే సమాన హక్కు 1980ల చట్ట సవరణతో మొదలైంది, 2005లో దేశమంతా వచ్చింది. మైనర్ వాటా అమ్మితే కోర్టు అనుమతి చూపించాలి. పాత జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం మరొకరికిచ్చే పత్రం) మీద నడిచిన అమ్మకమైతే, సేల్ డీడ్ రాసేనాటికి జీపీఏ ఇచ్చినాయన బతికున్నాడా అన్నది తేల్చుకోండి.

లాయర్ మీవాడై ఉండాలి. బిల్డర్ చేతికిచ్చే లీగల్ ఒపీనియన్ బిల్డర్ డబ్బిచ్చి రాయించుకున్నది.

3. ఈసీ మీరే తీయండి

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. కొత్త ఫ్లాట్ నంబర్‌తో వెతికితే ఏమీ రాదు, అది చూసి క్లీన్ అనుకుంటారు చాలామంది. సర్వే నంబర్‌తో, పాత ప్లాట్ నంబర్‌తో, డాక్యుమెంట్ నంబర్‌తో విడివిడిగా వెతకండి. 1983కి ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోవాలి. ఈసీలో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి. నోటి ఒప్పందాలు, వారసుల తగాదాలు కనిపించవు. అందుకే భూయజమాని పేరుతో, బిల్డర్ కంపెనీ పేరుతో ఈ-కోర్ట్స్ సైట్‌లోనూ వెతకాలి.

4. మీ ఫ్లాట్ ఎవరి వాటా?

ఇక్కడ చాలా ప్రాజెక్టుల్లో స్థలం ఒకరిది, కట్టేది మరొకరు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందా చూడండి. ఫ్లాట్లు పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ కూడా అడగండి. మీరు కొనే 504 నంబర్ ఫ్లాట్ భూయజమాని వాటాలో ఉంటే బిల్డర్ సంతకం ఒక్కటే చాలదు. అన్‌డివైడెడ్ షేర్ (మొత్తం స్థలంలో మీ ఫ్లాట్‌కు వచ్చే వాటా) ఎన్ని గజాలో అంకెల్లో రాయించుకోండి. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో ఉన్నాయంటే, మీ ఫ్లాట్ నంబర్ వేసి ఆ బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలనండి.

5. చెరువు సంగతి

పక్కా పట్టా ఉన్నా స్థలం ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు పూర్తిగా నిండితే నీళ్లుండే మేర) బఫర్‌లోనో (దాని చుట్టూ వదలాల్సిన జాగా) ఉంటే అక్కడ కట్టడానికి వీల్లేదు. 2024లో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాట కొత్తగా వినిపించిందిగానీ, నిబంధన పాతదే. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వర్షాకాలంలో ఒకసారి వెళ్లి పక్కింటి వాళ్లను అడగడం ఇంకా మంచిది.

6. అడ్వాన్స్

అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం సెక్షన్ 13 చెబుతోంది. ఆ కాగితం చేతికొచ్చే ముందు ఇంకొక్కటి. అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపల్ అధికారులు కట్టడంలో 10 శాతాన్ని తనఖా పెట్టించుకుంటారు, పని ప్లాన్ ప్రకారం ముగిసి ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చాకే విడిపిస్తారు. ఏ ఫ్లోర్, ఏ ఫ్లాట్లు తనఖాలో ఉన్నాయో ఆ తనఖా పత్రంలోనే ఉంటుంది. మీ నంబర్ అందులో లేదని చూసుకున్నాకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.