వేదిక ఎక్కే ముందు: పాడేవాళ్లూ వాయించేవాళ్లూ తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కచేరీ రేపనగా చాలామంది చేసే పని గంటల తరబడి సాధన. ఎక్కడో కుదరలేదన్న భయంతో అర్ధరాత్రి దాకా పాడతారు, వేళ్లు నొప్పి పుట్టేదాకా వాయిస్తారు. తెల్లారేసరికి గొంతు బరువెక్కుతుంది, చేతులు బిగుసుకుంటాయి. నెల రోజుల్లో పట్టుబడనిది ఆ ఒక్క రాత్రిలో పట్టుబడదు. చివరి 24 గంటల్లో వచ్చినదాన్ని కాపాడుకుంటే చాలు. కష్టమైన చోట్లు నెమ్మదిగా ఒకటి రెండుసార్లు వాయించుకోండి, ప్రతి పాట ఎత్తుగడా ముగింపూ ఒకసారి చూసుకోండి, ఆపేయండి. ఆ రోజు కొత్త పాట చేర్చడం, శ్రుతి మార్చడం అసలు వద్దు. త్వరగా పడుకోండి.

పాడేవాళ్లకు అందరూ చెప్పే మాట నీళ్లు తాగమని. ఎప్పుడు తాగాలో మాత్రం చెప్పరు. మనం తాగిన నీళ్లు అన్నవాహికలోకి పోతాయి. గొంతులో ధ్వని పుట్టించే స్వరతంత్రులు ఉండేది ఊపిరి వెళ్లే దారిలో, కాబట్టి ఆ నీళ్లు వాటిని తాకనే తాకవు. ఒంటికి పట్టి అక్కడి పొర తడిగా మారడానికి సమయం కావాలి. అందుకే ముందు రోజు నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. వేదిక మీద తాగే గుక్కెడు నోరు ఎండకుండా చూస్తుంది, అంతే. గొంతుకు విశ్రాంతి ఇస్తున్నామనుకుని గుసగుసగా మాట్లాడేవాళ్లుంటారు. చాలామందిలో దానివల్ల గొంతు ఇంకా బిగుస్తుంది. మాట్లాడక తప్పకపోతే మామూలు గొంతుతో మెల్లగా మాట్లాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు కూడా మంచిది కాదు, అలా చేసిన ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. అలా అనిపించినప్పుడు ఒక గుక్క మింగి చూడండి. పాడే ముందు పది పదిహేను నిమిషాలు పెదాలు మూసి హమ్మింగ్ చేయండి, లేదా సన్నని స్ట్రా గుండా స్వరాలు పలకండి. పై స్థాయికి చివర్లో వెళ్లాలి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. గొంతు మొద్దుబారేలా చేసే స్ప్రేలు, బిళ్లలు వాడి పాడకండి. అప్పుడు పోయేది నొప్పి ఒక్కటే, దెబ్బ అలాగే ఉంటుంది, తెలియక ఇంకా ఎక్కువ శ్రమ పెడతారు. ఆస్పిరిన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. వాటి ప్రభావంలో ఉండి గట్టిగా పాడితే స్వరతంత్రిలో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. డాక్టర్ గుండె కోసం రాసిన మాత్రనైతే మీ అంతట మీరు ఆపకండి, గాయకులమని చెప్పి సలహా అడగండి. పాడుతుండగా గొంతు ఒక్కసారిగా పోతే ఆ క్షణమే ఆపేసి ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవాలి. కార్యక్రమం రద్దయినా సరే.

వాద్యాల సంగతి. కొత్త తీగలు సాగుతాయి, శ్రుతి నిలవదు. రెండు మూడు రోజుల ముందే మార్చి వాయించి పెట్టుకోండి. చర్మపు వాద్యాలు తేమకు సడలి శ్రుతి దిగుతాయి, లైట్ల వేడికి ఆరి పైకి పోతాయి. వేడెక్కితే తీగ వదులై శ్రుతి దిగుతుంది, ఫ్లూటు మాత్రం పైకి వెళ్తుంది. గదిలో చక్కగా కలిసిన రెండూ వేదిక మీద విడిపోవడానికి కారణం ఇదే. కాబట్టి వాద్యాన్ని ముందుగానే ఆ గాలిలో ఉంచి, లైట్లు వెలిగాక మళ్లీ శ్రుతి చేసుకోవాలి.

కరెంటును తేలిగ్గా తీసుకోకండి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే, ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. ఒక చేత్తో గిటార్ తీగలు పట్టుకుని పెదాలు మైకుకు ఆనించినప్పుడు, రెండింటి ఎర్తింగ్‌లో తేడా ఉంటే కరెంటు ఒంట్లోంచి పోతుంది. చిన్న జిల్లు తగిలినా ‘ఏం కాదులే’ అనుకోవద్దు. మైకు వదిలేసి, లైన్ సరిచేసేదాకా ఎక్కనని చెప్పండి. తడి చేతులతో, తడిసిన వేదిక మీద వైర్లు ముట్టుకోకూడదు.

సౌండ్ చెక్‌లో మెల్లగా పాడి ‘సరిపోయింది’ అనేస్తే, అసలు సమయానికి మానిటర్‌లో (వేదిక మీద మీ వైపు తిప్పి పెట్టే స్పీకర్‌లో) మీ గొంతు మీకే వినపడదు, అరవడం మొదలవుతుంది. అత్యంత గట్టిగా వచ్చే భాగం కూడా అప్పుడే వినిపించండి. మానిటర్ చాలలేదంటే ముందు మిగతా శబ్దాలు తగ్గించమనండి. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షిత సమయం 15 నిమిషాలే.

ఇక టెన్షన్. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీలో ప్రసిద్ధ అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ పాట మాటలు మర్చిపోయారు. ఆ భయంతో దాదాపు 27 ఏళ్లు టికెట్ కచేరీలకు దూరంగా ఉన్నారు. అంతటి గాయనికే వచ్చిన భయం మనకు రావడం లోపమేమీ కాదు. గుండె దడను బలవంతంగా అణచాలని చూడకండి. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన పరిశోధనలో, పాడే ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అన్నవాళ్లు, ‘నాకు ఆందోళనగా ఉంది’ అన్నవాళ్లకన్నా మెరుగ్గా పాడారు. ఆ సమయంలో వేళ్లు చల్లబడతాయి కాబట్టి వాయించేవాళ్లు చేతులు వెచ్చగా ఉంచుకోవాలి. లయ పరుగెత్తుతుంది కాబట్టి ఎత్తుకునే ముందు మనసులో ఒక ఆవర్తం (తాళం ఒక పూర్తి చుట్టు) లెక్కపెట్టుకోవాలి. ఊపిరి వదిలే సమయం, పీల్చే సమయం కన్నా ఎక్కువ ఉండేలా చూసుకోండి. వణుకు తగ్గడానికి కొందరు వేసుకునే ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదకరం. స్నేహితులు ఇచ్చారని మొదటిసారి వేదిక దగ్గర వేసుకోవద్దు.

మొదటి పాట నిద్రలో లేపినా పాడగలిగేది పెట్టుకోండి. పక్కన వాయించేవాళ్లతో ఒక మాట ముందే అనుకోండి: నేను దారి తప్పితే తల ఊపుతాను, అందరూ పల్లవి దగ్గరికి వచ్చేయండి అని.