నగర పాలక మండలి అభ్యర్థిని పరిశీలించే విధానం

అభ్యర్థి ఎవరో విచారించడానికి ముందు, ఆ వ్యక్తి కోరుతున్న పదవికి ఏయే అధికారాలున్నాయో తెలుసుకోవాలి. ఈ క్రమం తప్పితే మ్యానిఫెస్టోలోని ఏ హామీ నిగ్గూ తేలదు. భారతదేశంలో 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చి, పట్టణ ప్రణాళిక, మంచినీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధిదీపాలు, శ్మశానాలు వంటి 18 అంశాలను రాష్ట్రాలు పురపాలక సంస్థలకు అప్పగించేందుకు వీలు కల్పించింది. పోలీసు శాఖ అందులో లేదు. అమెరికాలో చాలా నగరాల పోలీసు బడ్జెట్‌ను నగర మండలే ఆమోదిస్తుంది కానీ, ఇంటి అద్దెలకు నగరాలు పరిమితి పెట్టకుండా అక్కడి అనేక రాష్ట్రాల చట్టాలు అడ్డుకుంటాయి. అంటే నేరాలను అరికడతామని, అద్దెలను తగ్గిస్తామని ఇచ్చే మాట ఒకచోట విధానం కాగలదు, మరోచోట అదే మాటకు ఏ ఆధారమూ ఉండదు.

తరువాత నేపథ్యం. పార్లమెంటు, శాసనసభ అభ్యర్థుల క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు తెలుసుకొనే హక్కు ఓటరుకు ఉందని 2002లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పురపాలక ఎన్నికల్లోనూ నామినేషన్‌తో పాటు ఇటువంటి ప్రమాణపత్రం అడిగే రాష్ట్రాలున్నాయి. దానిని చదివేటప్పుడు కేసుల సంఖ్య దగ్గరే ఆగిపోకూడదు. ధర్నాలో రోడ్డుపై బైఠాయించినందుకు పెట్టిన కేసునూ, భూమి పత్రాలు ఫోర్జరీ చేశారన్న కేసునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. కేసు ఏ దశలో ఉందో, న్యాయస్థానం అభియోగాలు నమోదు చేసిందో లేదో చూడాలి.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది వ్యాపార సంబంధాల పరిశీలన. భూవినియోగ మార్పులు, పనుల టెండర్లు మండలి ముందుకు వస్తాయి కాబట్టి, అభ్యర్థికి గానీ కుటుంబానికి గానీ స్థిరాస్తి వ్యాపారంలోనో కాంట్రాక్టు సంస్థల్లోనో వాటా ఉందా అన్నది ఓటరుకు తెలియాలి. ఇంగ్లండులో 2011 నాటి స్థానికతా చట్టం ప్రకారం కౌన్సిలర్లు తమ ఆర్థిక ప్రయోజనాలను రిజిస్టరులో నమోదు చేయాలి. అటువంటి రిజిస్టరు లేనిచోట ఆ ప్రశ్నను అభ్యర్థినే నేరుగా అడగడంలో తప్పేమీ లేదు.

అభ్యర్థి ఇప్పటికే సభ్యులైతే ప్రసంగాలను పక్కనపెట్టి సమావేశాల మినిట్స్ తెప్పించుకోవాలి. హాజరు, లేవనెత్తిన ప్రశ్నలు, ఓట్లు నమోదు చేసిన చోట బడ్జెట్ తీర్మానంపై వేసిన ఓటు అందులో దొరుకుతాయి. కొత్తవారైతే కాలనీ సంఘంలోనో, కార్మిక సంఘంలోనో చేపట్టిన పనిని చివరిదాకా నడిపించారా అని వారితో కలిసి పనిచేసినవారిని అడగాలి.

విధానాలను అంచనా వేయడానికి ఒక్క హామీని తీసుకొని లోతుగా తవ్వడం మేలైన మార్గం. ప్రతి ఇంటికీ రోజూ నీళ్లు ఇస్తామంటే, ఆ నీరు ఏ జలాశయం నుంచి వస్తుంది, ఇప్పుడున్న పైపులు ఆ ఒత్తిడికి తట్టుకుంటాయా, లీకుల వల్ల పోతున్న నీటిని ముందుగా ఆపుతారా, పైపులు వేశాక ఏటా అయ్యే పంపింగ్ కరెంటు ఖర్చు ఎవరు భరిస్తారు, దానికోసం ఆస్తిపన్ను పెంచుతారా, నీటి చార్జీలు పెంచుతారా, ప్రభుత్వ గ్రాంటుపై ఆధారపడతారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. నిర్వహణ ఖర్చు గురించి ఆలోచించిన అభ్యర్థి చాలా అరుదు. అలాంటివారు కనబడితే, మిగతా విషయాల్లో భేదాభిప్రాయమున్నా సరే, వారి మాట శ్రద్ధగా వినాలి. డబ్బు చాలకపోతే ఏ పనిని వాయిదా వేస్తారని కూడా అడగాలి. అన్నీ చేస్తామన్న జవాబు వస్తే, ప్రాధాన్యాలు ఇంకా నిర్ణయించుకోలేదనే అర్థం.

ఈ జవాబులను తేదీతో సహా రాసిపెట్టుకొని, గెలిచిన అభ్యర్థి మొదటి బడ్జెట్ సమావేశంలో వేసే ఓటుతో సరిచూడాలి.